మలుపులో టేకాకుల ఫ్లెక్సీ

నేను ఇంతవరకు ఉత్తరాలు తప్ప ఏదీ రాయలేదు. చదువు నాలుగో తరగతితో ఆగిపోయింది. తప్పులుంటే సర్దుకోండి.

ఒక పెద్ద అడవిలో, వాగు పక్కనే ఒక పెద్ద బాట. ఆ బాటకొక మలుపు. అక్కడ రోజూ ఎవరో ఒకరు గుద్దుకునేవాళ్ళు. దుప్పికి కొమ్ము విరిగింది. కుందేలు కుంటుతోంది.

వాగు బాటకి ఇటుపక్క. తాబేలమ్మ పెట్టిన గుడ్లు అటుపక్క ఇసుకలో.

"ఇవాళో రేపో పిల్లలు పైకొస్తాయి. బాట దాటితేగానీ నీళ్ళు లేవు. ఏదన్నా చెయ్యండి బాబూ" అని తాబేలమ్మ అడవి జంతువుల సంఘం దగ్గర మొత్తుకుంది.

సంఘం కూర్చుంది. అధ్యక్షుడు ఏనుగు, కార్యదర్శి నక్క.

"అంతా దీని వల్లే!" అని దుప్పి అడవిపందిని చూపించింది.

"నా వల్లా? గుర్రుమని హారన్ కొడుతూనే వస్తున్నాగా! తప్పుకోకపోతే నన్నేం చెయ్యమంటావ్?" అంది పంది.

"ఆగొచ్చుగా?"

"ఆగితే వెనకొచ్చే పంది నన్ను గుద్దదూ?"

తాబేలమ్మ మెల్లిగా, "మలుపులో అడ్డంగా ఒక దుంగ వేయిస్తే చాలయ్యా. అందరూ నిదానిస్తారు" అంది.

"దుంగ మీద నా బొమ్మ ఎక్కడ పడుతుంది?" అన్నాడు ఏనుగు.

నక్కకి విషయం అర్థమైపోయింది. "అయ్యా, భద్రతా వారోత్సవాలు చేద్దాం. ఫ్లెక్సీ కడదాం" అంది.

టేకాకులు కుట్టి ఫ్లెక్సీ చేశారు. నడుమ నవ్వుతూ ఏనుగు. పక్కన నక్క. కింద ఎలుగు, నెమలి, వాళ్ళ బావమరుదులు. తోక సగమే పడిందని నెమలి అలిగితే ఇంకో వరస ఆకులు కుట్టారు. 'నెమ్మదిగా వెళ్ళండి' అన్న మాటకి అడుగున చీమ తలంత చోటు మిగిలింది.

అందరికీ కనపడేది మలుపే కాబట్టి అక్కడే కట్టారు. దాంతో అటునుంచి వచ్చేవాళ్ళు ఇటువాళ్ళకి కనపడటం మానేశారు.

ప్రారంభోత్సవం నాడు ఏనుగు మెడనిండా దండలతో, ఆలస్యమైందని పరుగు. అటునుంచి పంది, ముందు వరసలో చోటు పోతుందని పరుగు. మలుపులో ఢీ! పంది ఎగిరి వాగులో పడింది. ఏనుగు బాటకి అడ్డంగా బోర్లా పడ్డాడు.

బాటంతా ఆగిపోయింది. సరిగ్గా అప్పుడే ఇసుక కదిలింది.

"పదండి నాన్నా, పదండి" అంటూ తాబేలమ్మ పిల్లల్ని బాట దాటించింది. ఒక్కదానికీ దెబ్బ తగల్లేదు.

"నన్ను లేపండ్రా!" అని అరిచాడు ఏనుగు.

"ఎవరూ లేపొద్దు!" అంది దుప్పి. "ఈ బాట మీద అందరూ ఆగి, చూసుకుని నడవడం ఇవాళే చూస్తున్నా."

నక్క అప్పటికే ఇంకో ఫ్లెక్సీకి ఆకులు కోయిస్తోంది. 'స్వయంగా పడుకుని ప్రమాదాలు ఆపిన మా అధ్యక్షులవారికి అభినందనలు.'

నీతి: పెద్దవాళ్ళు నిలబడి చెయ్యని మేలు, పడిపోతే జరుగుతుంది.

ఇది రాసిన మర్నాడు పొద్దున్నే, వీధిలో ఎవరూ లేవకముందే, కూరగాయల కత్తి పట్టుకుని మా రోడ్డు మలుపు దగ్గరికి వెళ్ళాను. ఎదురొచ్చే బళ్ళు కనపడకుండా అక్కడ కట్టిన నాయకుల ఫ్లెక్సీ తాళ్ళు కోసేశాను. దాన్ని మా డాబా మీద, నవ్వు మొహాలు కిందికి తిప్పి పరిచి, దాని మీద వడియాలు పెట్టాను.