సిద్ధయ్య జిహ్వావిజయము

ఎండ ప్రతాపము వెనుదిరిగి చలిగాలి చెవులు కొరుకుచున్న శుభకాలమున, సమస్త వాహనచోదకులకు కించిద్విశ్రాంతి ప్రసాదించు శుక్రవారపు అపరాహ్ణమున, కువైటు దేశపు అమ్ఘరా ఇనుపతుక్కు పర్వతశ్రేణికి ఆవల నొక అశ్వశాలయందు, కడప మండల సంజాతుడును, షువైఖు ట్రాఫిక్కు చక్రవ్యూహముల ననేక పర్యాయములు ఛేదించిన స్టీరింగు సవ్యసాచియు నగు సిద్ధయ్య, ఒక చేత కళ్ళెమును, వేరొక చేత నిండు టీగ్లాసును ధరించి గుర్రమెక్కి కూర్చుండెను.

ఏల? అతడు "మామా" యని పిలుచు అరబ్బు యజమానురాలికి మోకాళ్ళు అరిగినను స్వారీ మోజు అరుగలేదు. అమెరికానుండి తెప్పించుకొను ఓపికలేక, కువైటులోనే అమ్మకమునకు వచ్చిన ఈ క్వార్టర్ హార్సు జాతి గుర్రమును చూడవచ్చెను. వెస్టర్న్ ప్లెజర్ అను మందగమనపు పోటీలకై పెంచిన గుర్రమట. ఆమె పెట్టిన పరీక్ష యొక్కటే: సిద్ధయ్య దానిపై శాల మైదానమును ఒక చుట్టు తిరిగి రావలెను, టీ ఒలకరాదు. ఒలకకున్న గుర్రమును కొనును. దానిని సాకు పని సిద్ధయ్యది, కారు వేరొకరిది. ఒలికెనా, మరల స్టీరింగే! ఎద్దుల నడుమ పుట్టి హారన్ల నడుమ ముసలివాడగుచున్న ఆ వీరునికి ఇంతకన్న మోక్షమేమి?

"యల్లా! శ్వయ్య శ్వయ్య," పద, నెమ్మది నెమ్మదియని మామా ఆజ్ఞాపించెను.

గుర్రము కదిలెను. కదిలెననుట గౌరవార్థము. పరీక్ష తప్పి ఇల్లుచేరు పిల్లవానివలె తలవాల్చి కాళ్ళీడ్చెను. సిద్ధయ్య గుండె నీరాయెను. తెలుగువాని జాలి నాలుకపై కాపురముండును గదా! ఆ నాలుక అంగిలికి తగిలి "చ్చొ చ్చొ" అని మ్రోగెను. అంతే! గుర్రము అమాంతము పరుగందుకొనగా టీ అతని చొక్కాకు అభిషేకమాయెను.

కళ్ళెము పట్టి ఆపినవాడు, ఆ శాలలో గుర్రములను మేపు కోనసీమ బుజ్జిబాబు.

"ఏం చేశారండి బాబూ! నాలిక చప్పుడు చేస్తే పరిగెత్తమని దానికి సైగండి. అలాగే నేర్పుతారు."

"నేను యాడ పరిగెత్తమంటి? జొరమొచ్చినట్ల తల ఏలాడేసింటే జాలేసిందప్పా!"

"జొరం లేదు, గిరం లేదండి. తల దించుకుని నెమ్మదిగా నడవడమే దాని గొప్ప. మీరు నోరు మూసుకు కూర్చోండి, చాలు."

మామా కనుబొమలు ముడివడెను. గ్లాసు మరల నింపించి, "ఆఖిర్ మర్రా!" అనెను. ఇదే ఆఖరిసారి.

అప్పుడు సిద్ధయ్య తన నాలుకను సంబోధించి మనసులోనే గర్జించెను: "ఓసి జిహ్వా! రాగిసంగటితో, ఊరిమిండి పచ్చడితో నిన్ను పోషించితిని గదే! వీసా ఇచ్చిన కఫీలు కేకలకు ఊరకుంటివి, పోలీసు గద్దింపునకు ఊరకుంటివి. నేడొక గుర్రము కొరకు ఊరకుండలేవా?"

రెండవ దండయాత్ర మొదలాయెను. సగము దూరమున గుర్రము దీర్ఘముగా నిట్టూర్చెను. అయ్యో, ఆ నిట్టూర్పు! జాలి ఉప్పెనయై పొంగెను, నాలుక లేచెను, తక్షణమే దంతకవాటములు ధడాలున మూతపడి దానిని బందీచేసెను. కన్నీరు కారెను గాని టీ కారలేదు.

మామా గ్లాసందుకొని, అంచుదాక నున్న టీని చూచి, ఒక గుక్క త్రాగి, "ఖలాస్, ఇదే కావాలి" అని కారు తాళములకై చేయి చాచెను. సిద్ధయ్య వానిని అప్పగించెను. ఇన్నేండ్లలో అంత తేలికగా అతని జేబు ఎన్నడును లేదు.

"సంతోషమేనాండి?" అని బుజ్జిబాబు.

"థంతోథమే ప్పా," అనెను సిద్ధయ్య, కరచుకొన్న నాలుక వాచిపోగా.

దిక్కులారా, వినుడు! మైదానము చుట్టు ఒక్క చుట్టు, కేవలము ఒక్క చుట్టు, కడప సిద్ధయ్య "చ్చొ" అనలేదు!