పనికొచ్చే నవ్వు

హైమావతి నవ్వు పారిశ్రామిక డిజైన్‌గా రిజిస్టరైన మరుసటి వారమే, అనుమతి లేకుండా ఆ నవ్వు నవ్వరాదని ఆమెకు నోటీసు వచ్చింది. సంతకం చేయించుకున్న పోస్ట్‌మాన్, "మీది నయం అమ్మగారూ, వెనక వీధిలో ఒకాయనకి నడకే పోయింది" అని ఓదార్చి వెళ్ళాడు.

తప్పు ఆమె భర్త కామేశానిది. ఆటోనగర్‌లో ఒక స్టీలు సామాన్ల కంపెనీలో అతను డ్రాయింగులు గీస్తాడు. కొత్త టిఫిన్ క్యారేజీకి పిడి గీయమంటే, కుడివైపు కాస్త పైకి లేచిన వంపు గీశాడు. అది హైమ నవ్వు. కంపెనీ దాన్ని తన పేర రిజిస్టరు చేయించుకుంది. ఇక ఆ వంపు పిడి మీద ఉన్నా, మొహం మీద ఉన్నా కంపెనీదే.

"గీసేముందు నన్నొక్కమాట అడగొద్దూ?" అంది హైమ.

"నీ నవ్వని తెలిసి గీయలేదే. చెయ్యి అలా వెళ్ళిపోయింది."

ఆమెకు నవ్వొచ్చింది. అతను గబుక్కున కిటికీ మూశాడు.

రద్దు కోసం అర్జీ పెట్టారు. విచారణాధికారి సుభాషిణి ఓపిగ్గా వింది. "రిజిస్టరు కాకముందే ఈ నవ్వు నలుగురికీ తెలిసుంటే రద్దు చేస్తాను. చూసినవాళ్ళున్నారా?"

లేరు. హైమకు పన్ను మీద పన్ను. నవ్వొస్తే చాలు, చిన్నప్పటి అలవాటుగా నోటికి అడ్డం పెట్టుకుంటుంది. అప్పట్లో ఓణీ, ఇప్పుడు కొంగు. పెళ్ళి ఫొటోల్లో కూడా నవ్వేది కొంగే. ఆ నవ్వును పూర్తిగా చూసింది కామేశం ఒక్కడే.

"భర్త చూడటం లెక్కలోకి రాదు" అంది సుభాషిణి. కంపెనీ లాయరు ఫైలు మూయబోయాడు.

కామేశం బల్ల మీది నీళ్ళ గ్లాసు అందుకున్నాడు. ఇక ఒకే దారి ఉంది. డిజైన్ అంటే కంటికి ఇంపుగా ఉండేది మాత్రమే. కేవలం పని కోసం ఏర్పడిన ఆకారాన్ని ఎవరూ తమ పేర రిజిస్టరు చేయించుకోలేరు.

"మేడమ్, ఆ నవ్వు అలంకారం కాదండీ. అది పనిచేస్తుంది."

"ఏం పని?"

"మా అమ్మ పోయినప్పుడు నాకు ముద్ద దిగలేదండీ. ఇది ఎదురుగా కూర్చుని అలా నవ్వింది. దిగింది."

"అది ఆకలి చేసిన పనండీ" అన్నాడు లాయరు.

"నవ్వి చూపించండి" అంది సుభాషిణి. అధికారుల సమక్షంలో ఒక నవ్వుకు అనుమతి రాసి, ముద్ర వేసింది.

కామేశం చేతులు అప్పటికే వణుకుతున్నాయి. పట్టుకున్న గ్లాసులోని నీళ్ళు బల్ల మీద ఒలుకుతున్నాయి. హైమ లేచి నిలబడింది. చెయ్యి అలవాటుగా కొంగు దాకా వెళ్ళి, ఆగింది. పరాయివాళ్ళ ముందు మొదటిసారి నవ్వింది.

గ్లాసు కుదురుకుంది. లాయరు, ఇంట్లో ఉన్న భార్యతో మాట్లాడాలనిపించి, ఫోన్ పట్టుకుని బయటికి నడిచాడు.

సుభాషిణి ఉత్తర్వు రాసింది. సదరు నవ్వు భర్త వణుకును ఆపుటకు ఏర్పడిన పనిముట్టు కనుక రిజిస్ట్రేషన్ రద్దు. అయితే పని లేనప్పుడు నవ్వినచో అది తిరిగి అలంకారమగును. అలంకారమైనచో కంపెనీకి చెందును.

అప్పటి నుంచి ఇబ్బందేమీ లేదు. సాయంత్రం ఇంటికొచ్చేటప్పుడు కామేశం ఏదో ఒక దిగులు వెంటబెట్టుకుని వస్తాడు. ఆఫీసులో దొరకని రోజున సందు మొదట్లో నిలబడి తయారుచేసుకుంటాడు. హైమ నవ్వుతుంది. మొగుడి కోసమే నవ్వే ఇల్లాలని చుట్టుపక్కలవాళ్ళు మెచ్చుకుంటారు. తమ ఆడపిల్లలకు ఆమెను చూపిస్తారు.

మొన్న ఆదివారం ఒక ఉడుత డాబా మీద ఆరబెట్టిన వడియాన్ని ఎత్తుకుపోతూ, మొయ్యలేక దానితో సహా బోర్లా పడింది. లేచి, ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూసింది. చూసింది హైమ ఒక్కతే. ఆమె కొంగు నోటికి గట్టిగా అదుముకుని, మెట్ల మీంచి కిందికి కేకేసింది.

"ఏమండీ, తొందరగా ఒక్కసారి బాధపడండీ! నాకు నవ్వొచ్చేస్తోంది."