రాజలింగు బిగించిన నట్టు

శనివారం పొద్దున లాలాపేట్‌లోని ఫ్లాట్‌లో సింధూజ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. తొమ్మిదిన్నరకు తార్నాక వెళ్లాలి, మెట్రో స్టేషన్ వెనక సందులో ఉన్న ఆటసామాన్ల షాపులో స్కేట్‌బోర్డు కొనాలి, పదిన్నరకల్లా క్యాంపస్‌లో దాని మీద తిరగాలి. ఎమ్మెస్సీ రెండో సంవత్సరం చదువుతున్న ఆమె నాలుగు నెలలుగా స్నేహితుల బోర్డుల మీదే నేర్చుకుంది. క్యాంపస్ గేటు నుంచి డిపార్టుమెంటుకు ఇరవై నిమిషాల నడక. ఆ నడకంటే ఆమెకు విసుగొచ్చేసింది.

ఆ ప్లానులో తండ్రి రాజలింగు లేడు. ఆయన కోపానికి అదే మొదటి కారణం.

రాజలింగు ఆర్టీసీ డిపోలో ముప్పై రెండేళ్లు మెకానిక్‌గా చేసి ఆరు నెలల కిందట రిటైరయ్యాడు. బస్సు గేట్లోకి వస్తుంటే చప్పుడు విని ఏ చక్రం బేరింగు పోయిందో చెప్పిన మనిషి. రిటైరయ్యాక ఆయన్ను ఎవరూ ఏమీ అడగడం లేదు. మొన్న మిక్సీ పాడైతే భార్య స్వరూప ఫోన్ చేసి బయటి మనిషిని పిలిపించింది. ఆ పూట ఆయన అన్నం ముట్టలేదు. ఇప్పుడు కన్నకూతురు నాలుగు చక్రాల బండి కొనడానికి ఒక్క మాటైనా చెప్పకుండా చెప్పులేసుకుంటోంది.

"దానికి నాలుగు చక్రాలున్నయా, లేవా?" అని గుమ్మంలో అడ్డంగా నిలబడ్డాడు.

"ఉన్నయ్ బాపు. గని అది బస్సు కాదు, గింత చెక్క."

"చెక్కయితేంది? మనిషి ఎక్కి పోతడా, లేదా? ముప్పై రెండేండ్లు బస్సుల కింద పండుకున్నోన్ని ఇంట్ల పెట్టుకొని, షాపోడు ఏదిస్తే అది తెచ్చుకుంటవా? నాకేమన్న ఇజ్జత్ ఉన్నదా ఈ ఇంట్ల?"

"తోల్కపో బిడ్డా, లేకుంటే పగటిదాక నా తల తింటడు" అంది స్వరూప వంటింట్లోంచి. రాజలింగు అది విననట్టే పానాల సంచి భుజాన తగిలించుకున్నాడు.

షాపు యజమాని కమలాకర్ మర్యాదస్తుడు. "రా కాకా, కూసో" అని స్టూలు వేసి, గోడకున్న బోర్డులు దించి చూపించడం మొదలుపెట్టాడు. సింధూజ కన్ను అప్పటికే అడుగున ఎర్ర పులి బొమ్మ ఉన్న బోర్డు మీద పడింది.

"ఇది డెక్కు కాకా. మనం నిలబడే చెక్క. ఏడు పొరలు అతికించి చేస్తరు. కింద ఉన్నయి రెండు ట్రక్కులు..."

"ఏందీ?"

"ట్రక్కులు. ముందటొకటి, ఎనకొకటి. చక్రాలు వీటికే ఉంటయ్."

రాజలింగు అరచేయంత ఉన్న ఆ ఇనుప ముక్కను అటూ ఇటూ తిప్పాడు. ఎవరో తన ముఖం మీదే తనను తిట్టినట్టు ఆయన మెడ నరాలు లేచాయి. "తమ్మీ, ట్రక్కంటే ఏందో నీకెర్కనా? పది టన్నులు మోస్తది. గిది ఇరుసు. ఇరుసును ఇరుసనాలె!"

"అందరు గట్లనే అంటరు కాకా."

"అందరు అంటే అయితదా? సరే, దీని బ్రేకేది?"

కమలాకర్ సింధూజ వైపు చూశాడు. సింధూజ గోడ వైపు చూసింది.

"మన కాలే బ్రేకు కాకా. కింద పెట్టి రుద్దితే ఆగుతది."

"కాలా!" రాజలింగు స్టూలు మీద నుంచి లేచాడు. "బ్రేకు లేని బండిని గేటు దాటనిస్తే నా నౌకరి ఊడేది. గీడ ఏసీ పెట్టుకొని అమ్ముతున్నరు!"

అయినా ఆయన వెళ్లిపోలేదు. చక్రాలు కనబడితే వదిలి వెళ్లడం ఆయనకు చేతకాదు. పులి బోర్డును చెవి దగ్గర పెట్టుకుని చక్రం తిప్పాడు. లోపల బేరింగు గరగరమంది. బొటనవేలి గోరుతో చక్రాన్ని నొక్కాడు. గోరు దిగలేదు.

"రాయి లెక్కున్నది. మన రోడ్ల మీద దీన్నెక్కితే పండ్లూడి చేతిలకొస్తయ్."

"కరెక్టే కాకా" అన్నాడు కమలాకర్ ఆశ్చర్యంగా. "గట్టి చక్రాలు నున్నటి నేలకు. మామూలు రోడ్లకు మెత్తటి పెద్ద చక్రాలే మంచిగుంటయ్."

"మరి నువ్వు చెప్పొద్దా పిల్లకు?"

మెత్తటి చక్రాలు నీలం బోర్డుకు ఉన్నాయి. కానీ దాని చెక్క మీద కాలు పెట్టి తొక్కితే విల్లులా వంగింది. గట్టి చెక్క ఆకుపచ్చదానికి ఉంది, దాని బేరింగులు నాసిరకం. మంచి బేరింగులు నల్లదానికి ఉన్నాయి, దాని ఇరుసులేమో చెక్క కన్నా వెడల్పై పక్కలకు పొడుచుకొచ్చాయి. ఒక్క బండిలో నాలుగు మంచి సామాన్లు పెట్టడానికి వీళ్లకేం రోగమని రాజలింగుకు ఒళ్లు మండింది. కమలాకర్ చాయ్ చెప్పి రావడానికి బయటికి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి నాలుగు బోర్డులూ లేవు. నేల మీద నాలుగు చెక్కలు, ఎనిమిది ఇరుసులు, పదహారు చక్రాలు, ముప్పై రెండు బేరింగులు వరసగా పరిచి ఉన్నాయి.

"కాకా! నా షాపంత ఖరాబ్ చేసినవు గదనే!"

"నేను చెయ్యలే. లోపల ఖరాబున్నదాన్ని బయటికి తీసిన. అర్థమైతుందా?"

"లే కాకా, బయటికి నడువ్!"

"విప్పింది బిగించకుంట నేను ఏనాడూ డ్యూటీ దిగలే. ఇయ్యాల దిగుతనా?"

సింధూజ కమలాకర్‌ను పక్కకు తీసుకెళ్లి చేతులు జోడించి బతిమాలుతున్న ముప్పావుగంటలో రాజలింగు నాలుగు బోర్డులూ బిగించేశాడు. ఏరిన సామానంతా కలిపి కూతురికి ఒక బోర్డు చేశాడు. మిగిలినవాటిని కూడా ఏది దేనికి నప్పుతుందో చూసి, బేరింగులు తుడిచి అమర్చాడు. చివరగా కూతురి బోర్డును నేల మీద పెట్టి ఊపి చూస్తే అది కుడికీ ఎడమకూ ఒరిగింది. ఇరుసు మధ్యలో ఉన్న పెద్ద నట్టు వదులుగా ఉంది. వదులుగా ఉన్న నట్టును చూసి ఊరుకునే మనిషి కాదాయన. పెద్ద పానా తీసి, పళ్లు బిగబట్టి, రెండు ఇరుసుల నట్లనూ ఇంక తిరగనంత బిగించాడు. అది సింధూజ చూడలేదు.

కమలాకర్ బోర్డు చేతిలో పెట్టి దండం పెట్టాడు. "మళ్ల రాకు కాకా."

క్యాంపస్‌లో లైబ్రరీ ముందు రోడ్డు చూపుకు చదునుగానే ఉంటుంది. ఆ కింద మలుపు దగ్గర ఆ రోజు ఒక టెంటు వేసి ఉంది. సింధూజ బోర్డు కింద పెట్టగానే రాజలింగు ఆమెను ఆపాడు.

"మెకానిక్ నడిపి చూడకుంట ఏ బండీ రోడ్డెక్కొద్దు."

"బాపు, నీకు రాదు. పడ్తవ్."

"నిలబడి చూస్త, గంతే."

అప్పుడే సింధూజ ఫోను మోగింది. ఆమె తీసేలోపు రాజలింగు ఒక కాలు పెట్టాడు. బానే ఉందనిపించి రెండోది కూడా పెట్టాడు. ఆ రోడ్డు చదును కాదన్న సంగతి ఆయన కాళ్లకు తెలియలేదు గానీ చక్రాలకు తెలిసింది. బోర్డు కదిలింది. ఆయన ఏరిన బేరింగులు అంత మంచివి కాకపోయి ఉంటే పది అడుగుల్లో ఆగేది. ఆయన ఏరిన చక్రాలు అంత మెత్తనివి కాకపోయి ఉంటే మొదటి రాయికే పడేసేది. రెండూ మంచివే కావడంతో బోర్డు చప్పుడు లేకుండా, హాయిగా, వేగం అందుకుంది.

"పక్కకు ఒరుగు బాపు! ఒరిగితే తిరుగుతది!" అని సింధూజ వెనకాల పరుగెత్తింది.

రాజలింగు ఒరిగాడు. బోర్డు ఒరగలేదు.

ఫోన్లో స్వరూప, "అన్నానికి వస్తున్నరా, లేదా?" అని అడుగుతోంది. ఆయాసపడుతున్న కూతురి గొంతులోంచి ఆమెకు వినబడింది ఇంతే: "ట్రక్కు తిరుగుతలేదమ్మా! ఆగుతలేదు! అయ్యో, బాపు కిందికి పోయిండు!" తర్వాత పెద్ద చప్పుడు. ఆ పైన ఫోను కట్టయింది.

ఆ చప్పుడు టెంటుది. అక్కడ రోడ్డు భద్రతా వారోత్సవం మొదలు కావలసి ఉంది. ప్రొఫెసర్ నరహరి రెండు స్తంభాలకు ఎర్ర రిబ్బను కట్టించి, పళ్లెంలో కత్తెర పెట్టించి, ముఖ్య అతిథి కోసం గంట నుంచి రోడ్డు వైపు చూస్తున్నాడు. చివరికి రోడ్డు వైపు నుంచి ఒకాయన రానే వచ్చాడు. చేతులు చాచి, నిటారుగా, సంచి భుజాన వేలాడుతుండగా వచ్చి, పొట్టతో రిబ్బను తెంపి, తివాచీ అంచుకు బోర్డు తగలగానే ఎగిరి ముఖ్య అతిథి సోఫాలో కూర్చున్నాడు. ఇది కూడా ప్రదర్శనలో భాగమనుకుని విద్యార్థులు చప్పట్లు కొట్టారు.

"ఎవరండీ మీరు? ఏమిటీ అరాచకం?" నరహరి పరుగెత్తుకొచ్చాడు. "ఆ రిబ్బను మీరు తెంపడమేమిటి? ఆ సోఫా మీద కూర్చోవడమేమిటి?"

రాజలింగు మోచేయి దోక్కుపోయింది. దాని సంగతి ఆయనకు పట్టలేదు. లేచి మైకు అందుకున్నాడు.

"ఎవలని నన్నడుగుతవా సారు? గంత వాలున్న రోడ్డుకు ఒక్క హెచ్చరిక బోర్డన్న పెట్టినవా? దీనికి బ్రేకు లేదు, హారన్ లేదు, స్టీరింగ్ అసలే లేదు. గిసొంటిదాన్ని పిల్లలకు అమ్ముతుంటే మీరందరు గీడ కుర్చీలేసుకొని సమోసలు తింటున్నరు! హెల్మెట్ లేకుంట నేనెక్కిన. నాకు బుద్ధి లేదు. మీకున్నదా?"

ఈసారి చప్పట్లు ఇంకా గట్టిగా పడ్డాయి. పరుగెత్తి వచ్చిన సింధూజ స్తంభం చాటున నిలబడి, "బాపు, దిగు, నా క్లాసోళ్లు చూస్తున్నరు" అని ఏడుపు గొంతుతో బతిమాలింది.

పావుగంటకు రెండు ఆటోలు రయ్యిన వచ్చి టెంటు ముందు ఆగాయి. మొదటిదాంట్లోంచి, స్వరూప ఫోను చేసి పిలిచిన డిపో మెకానిక్ బాలస్వామి, మరో ముగ్గురు ఖాకీ బట్టల్లో దూకారు. ఒకరి చేతిలో గడ్డపార, ఇద్దరి మధ్య బస్సును లేపే జాకీ. రెండోదాంట్లోంచి స్వరూప ఏడ్చుకుంటూ దిగింది.

"ఏది? ఏడున్నది ట్రక్కు? లింగన్న ఏ చక్రం కిందున్నడు?" అని బాలస్వామి అరిచాడు.

మైకు పట్టుకుని నిలబడ్డ రాజలింగును చూశాక స్వరూప ఏడుపు ఆగిపోయింది. దాని స్థానంలో వేరేది వచ్చింది. "ఓ సింధు నాయ్నా! ట్రక్కు కింద పడ్డవని నేను గుండె పట్టుకొని ఉరికొస్తే నువ్వు గీడ ఉపన్యాసమిస్తున్నవా?"

"ట్రక్కు లేదు, ఏం లేదు" అన్నాడు రాజలింగు.

"లేకపోవుడేంది? డ్యూటీ ఇడిసిపెట్టి వచ్చినం!" బాలస్వామికీ కోపం వచ్చింది. జాకీ మోసుకొచ్చినందుకైనా ఏదో ఒకటి లేపాలన్నట్టు చుట్టూ చూశాడు.

సింధూజ బోర్డు తిరగేసి వాళ్ల ముందు పెట్టింది. "ఇదే ట్రక్కు. బాపు, ఈ నట్టు ఎవరు బిగించిన్రు?"

"నేనే. లూజున్నది."

"లూజుంటేనే తిరుగుతది బాపు. ఆ లూజే దీని స్టీరింగు. మనం ఒరిగితే లోపలి రబ్బరు నలిగి ఇరుసు తిరుగుతది."

రాజలింగు మోకాళ్ల మీద కూర్చుని ఆ నట్టును, దాని కిందున్న చిన్న రబ్బరు ముక్కను వేలితో నొక్కి చూశాడు. నలుగురు డిపో మెకానిక్‌ల ముందు, ముప్పై రెండేళ్ల తర్వాత, ఆయన బిగించిన నట్టు తప్పయింది. స్టీరింగును నట్టు కింద దాచిన వాడెవడో దొరికితే చెప్పవలసిన మాటలను తర్వాతికి దాచుకున్నాడు. సంచిలోంచి పానా తీశాడు.

"ఎంత లూజు చెయ్యాలె బిడ్డా?" అని అడిగాడు.

"ఒకటిన్నర చుట్టు చాలు."

ఆయన రెండు నట్లనూ లెక్కగా ఒకటిన్నర చుట్టు చొప్పున తిప్పాడు. సింధూజ టెంటులో ప్రదర్శనకు పెట్టిన హెల్మెట్ పెట్టుకుని, పైకి నడిచి వెళ్లి బోర్డెక్కింది. లైబ్రరీ మెట్ల దగ్గర నుంచి వాలులోకి దిగి, రెండు స్తంభాల మధ్య నుంచి పాములా మెలికలు తిరుగుతూ వచ్చి, కాలు నేలకు రుద్ది సరిగ్గా తండ్రి ముందు ఆగింది.

"రాళ్ల మీదికెళ్లి పోయినా తెల్వలే బాపు. ఇట్లాంటి చక్రాలు మా దోస్తులెవ్వరికీ లేవు."

రాజలింగు మోచేయి చూసుకుంటున్నట్టు ముఖం తిప్పుకున్నాడు. "బేరింగు చప్పుడైతే చెప్పు" అన్నాడు.

అప్పుడే నరహరికి ఫోను వచ్చింది. ముఖ్య అతిథి అంబర్‌పేట్ ట్రాఫిక్‌లో చిక్కుకుని వెనక్కి తిరిగాడట. నరహరి తెగిన రిబ్బను వైపు, పళ్లెంలో మడత విప్పని శాలువా వైపు చూశాడు. ఆ శాలువా తెచ్చి రాజలింగు భుజాల మీద కప్పాడు. "బ్రేకుల గురించి మీరన్నది పాయింటేనండీ" అన్నాడు బింకంగా. ఫొటోలో బాలస్వామి జాకీతో సహా నిలబడ్డాడు.

నాలుగు రోజుల తర్వాత రాజలింగుకు కమలాకర్ ఫోన్ చేశాడు. ఆయన బిగించిపోయిన మిగతా మూడు బోర్డులూ అమ్ముడయ్యాయట. కొన్నవాళ్లు తిరిగొచ్చి, మా దోస్తుకూ అట్లాంటిదే కావాలంటున్నారట. "జర పొద్దుపూట వచ్చి కూసో కాకా. ఎవరికేది సరిపోతదో నువ్వే చెప్పు."

"మళ్ల రావొద్దన్నవు గద?"

"తప్పైంది కాకా."

రాజలింగు రెండు రోజులు బతిమాలించుకుని మూడో రోజు వెళ్లి కౌంటరు వెనక కూర్చున్నాడు. ఆ పొద్దున మొదట ఒక రిటైర్డ్ ఇంజినీరు మనవరాలితో వచ్చాడు. ఆయన బోర్డు అందుకుని, చక్రం చెవి దగ్గర పెట్టుకుని తిప్పి, జేబులోంచి స్క్రూడ్రైవరు తీశాడు.

"ఓ పెద్దసారూ!" రాజలింగు కౌంటరు మీద చెయ్యి చరిచి లేచాడు. "షాపుల సామాను గట్ల ఇప్పుతరా ఎవరన్నా? ఇజ్జత్ లేదా?"

కమలాకర్ లోపలికి వెళ్లి ఒక గ్లాసు మంచినీళ్లు తాగి వచ్చాడు.