కూర్చున్నవాళ్ళు వ్యతిరేకం

ఒక పెద్ద అడవిలో బట్టల షాపేమిటని అడక్కండి. ఉంది. అదీ మూడంతస్తులు. ఒంటినిండా ఈకలున్న నెమలి కూడా అక్కడే చీరలు కొనేది. యజమాని ఎలుగుబంటి జాంబయ్య గారు. మేనేజరు నక్క, పేరు సుబుద్ధి.

ఆ షాపులో ఒక రూలుండేది. పనిచేసేవాళ్ళు పొద్దున తలుపులు తీసిన దగ్గర్నుంచి రాత్రి మూసేదాకా కూర్చోకూడదు. బేరం ఉన్నా లేకున్నా నిలబడే ఉండాలి. కూర్చున్నవాళ్ళు కనిపిస్తే షాపు వెలవెలబోతున్నట్టు ఉంటుందని జాంబయ్య గారి నమ్మకం. కూర్చుని దొరికినవాళ్ళు ఆ పూటే ఇంటికి.

చీరల సెక్షన్లో చెంగల్వ అనే జింక పనిచేసేది. నిండు చూలాలు. సాయంత్రమయ్యేసరికి కాళ్ళు వాచి దుంగల్లా అయ్యేవి. ఇంకో నెల ఇలాగే నిలబడితే బిడ్డ దక్కడం కష్టమని మంత్రసాని కోతి మొహం మీదే చెప్పేసింది. మానేద్దామంటే తినేదెలా? పాపం, అది అడిగింది ఒక్క స్టూలు. గిరాకీ లేనప్పుడు అయిదు నిమిషాలు కూర్చుంటానంది.

"నీకిస్తే అందరూ అడుగుతారమ్మా" అన్నాడు సుబుద్ధి, ఎంతో జాలిగా. జాలికేం, ఆయన దగ్గర కావలసినంత ఉంది. స్టూలే లేదు.

దాంతో చెంగల్వ, మూటలు మోసే అడవిపంది, రెడీమేడ్ సెక్షన్ కుందేళ్ళు, బిల్లులు కొట్టే ఉడతలు టీ టైములో గోడౌను వెనక కలుసుకుని, ఓ సంఘం పెట్టుకుందామనుకున్నాయి. ఆ కబురు టీ చల్లారకముందే సుబుద్ధికి చేరింది.

వేరే మేనేజరైతే అందర్నీ పీకేసేవాడు. సుబుద్ధి చదువుకున్నవాడు. సంఘం కోసం మీరెందుకు శ్రమపడతారు, కంపెనీయే పెట్టిస్తుంది అన్నాడు. పెట్టించాడు కూడా. రసీదు పుస్తకం, జెండా, గోడకి అంటించే నిబంధనల కాగితం, అన్నీ ఆయనే తెచ్చాడు. అధ్యక్షుణ్ణి కూడా ఆయనే తెచ్చాడు. ప్యాంటు ముక్కల సెక్షన్లో పదేళ్ళుగా ఒంటికాలి మీద నిలబడి పనిచేస్తున్న కొంగ, బకయ్య. ఉత్తమ ఉద్యోగి అని మెళ్ళో దండ వేసి మరీ నిలబెట్టాడు.

"ఈయన ఒక్క కాలితో నెట్టుకొస్తున్నాడు. మీకు నాలుగేసి ఉండి ఏమిటా ఏడుపు?" అని సుబుద్ధి అడిగాడు. బకయ్య మెడ ఇంకాస్త సాచాడు. జన్మలో మొదటి దండ మరి.

ఇక అసలు ఎత్తు వినండి. పండగ అమ్మకాలు మొదలయ్యే రోజున, తలుపులు తీయడానికి పావుగంట ముందు సుబుద్ధి సంఘం సమావేశం పెట్టాడు. నిలబడే రూలు మాకు సమ్మతమేనని సంఘం తీర్మానించాలట, కాదంటే రూలు రద్దేనట. జాంబయ్య గారు ఎదురుగానే ఉంటారట. సమ్మతమైనవాళ్ళు నిలబడాలి, వ్యతిరేకమైనవాళ్ళు కూర్చోవాలి. యజమాని కళ్ళెదుట ఎవరు కూర్చుంటారు? పైగా ఆయన అటు వెళ్ళగానే మాట మార్చేస్తారేమోనని నిబంధనల్లో ఇంకో ముక్క రాయించాడు. ఫలితం రాసి సంతకాలు అయ్యేదాకా ఓటేసినవాళ్ళు ఎలా ఉన్నవాళ్ళు అలాగే ఉండాలి.

బకయ్య తీర్మానం చదివాడు. అందరూ నిలబడే ఉన్నారు. సుబుద్ధి కలం మూత తీశాడు.

అప్పుడు చెంగల్వ కూర్చుంది. కడుపు పట్టుకుని, మెల్లిగా, నేల మీద కూర్చుంది.

అడవిపంది ఆమె వంక చూసి, జాంబయ్య గారి వంక చూసి, ధబ్బున కూలబడింది. తర్వాత కుందేళ్ళు. తర్వాత ఉడతలు. కూర్చుంటే ఎంత హాయిగా ఉందో, ఒక ముసలి కుందేలుకి కళ్ళనీళ్ళు తిరిగాయి.

ఈలోగా టైమైంది. కాపలా దున్నపోతు తలుపులు బార్లా తీసేసింది. జనం తోసుకుంటూ లోపలికొచ్చారు.

లేచి పనులు చూసుకోండి, ఇది తర్వాత చూద్దాం అన్నాడు సుబుద్ధి.

"ఫలితం రాయండి మేనేజరు గారూ" అంది చెంగల్వ. "రాయకముందే లేస్తే మీ నిబంధన తప్పినట్టవుతుంది."

రాస్తే రూలు పోతుంది. రాయకపోతే బేరం పోతుంది. సుబుద్ధి కలం పట్టుకుని అలాగే ఉండిపోయాడు. ఏనుగుల పెళ్ళివారు చీరలు చూపించే దిక్కులేక కౌంటరు బాదుతున్నారు. నెమలి అలిగి వెళ్ళిపోయింది. గంట గడిచింది. జాంబయ్య గారు అటూ ఇటూ తిరిగి, సుబుద్ధిని నానా తిట్లూ తిట్టి, చివరికి మోకాళ్ళు పట్టుకుని, ఇక నా వల్ల కాదంటూ బట్టల మూట మీద చతికిలబడ్డారు.

సరిగ్గా ఎదురుగా చెంగల్వ కాళ్ళు ఉన్నాయి, నిన్నటి వాపు ఇంకా తగ్గకుండా. షాపు పెట్టి ఇరవై ఏళ్ళయినా పనివాళ్ళ కాళ్ళు ఆయన ఇంత దగ్గరగా ఎన్నడూ చూడలేదు.

"షావుకారు గారు కూడా వ్యతిరేకమేనండీ, రాసుకోండి" అంది చెంగల్వ.

జాంబయ్య గారు లేవబోయారు. మోకాళ్ళు లేవనివ్వలేదు.

"రాయరా" అన్నారు.

రాశాడు. సమ్మతి ఒక్కటే, అది అధ్యక్షుడిది. ఆ సాయంత్రానికి సెక్షనుకో స్టూలు వచ్చింది. నెల తిరక్కుండా చెంగల్వకి పండంటి కూన పుట్టింది. సుబుద్ధి మాత్రం ఆ సంఘం పెట్టింది తనేనని ఇప్పటికీ చెప్పుకుంటాడు. అందులో అబద్ధమేం లేదు.

నీతి: మీ షాపులో సంఘం లేదని దిగులు పడకండి, మేనేజరు మరీ తెలివైనవాడైతే ఆయనే పెడతాడు.