రెండు వందల పద్నాలుగో పేజీ ఏనుగులు

“కోనసీమ మురుగు ఇవాళ్టి నుంచి మామూలు మురుగు కాదు! అంతర్జాతీయ మురుగు!” అని అమలాపురం సభలో మంత్రి బంగారయ్యగారు ప్రకటించగానే చప్పట్లు మారుమోగిపోయాయి.

మంత్రిగారి ఉద్దేశం గొప్పదే. రాజోలు అవతల కొత్తమెరక మీదుగా సముద్రంలోకి పోయే పాముల డ్రెయిను ఏనాడో పూడిపోయింది. పైన గుర్రపుడెక్క, కింద ఒండ్రు. మధ్యలో నీళ్లున్నాయని అధికారులు చెబితే జనం నమ్మాలి. వరసగా మూడేళ్లు వానాకాలపు సార్వా పంట పొట్ట మీదుండగా మునిగిపోయింది. ఈ ఏడు కూడా డ్రెయిను తవ్వకపోతే నాట్లే వెయ్యమని రైతులు తీర్మానం చేసుకున్నారు. అందుకని మంత్రిగారు ఒక విదేశీ అభివృద్ధి బ్యాంకుతో మాట్లాడి ఆ మురుక్కి అంతర్జాతీయ హోదా తెచ్చారు.

“ఇదిగో, మన డాక్టరు సత్యదుర్గారావుగారు. మన కొత్తపేట బిడ్డ. పదకొండు దేశాల పర్యావరణాన్ని కాపాడొచ్చేరు. ఆ దేశాలిప్పుడెలా ఉన్నాయో మీరే చూడండి!” అన్నారు మంత్రిగారు. వేదిక మీద చివరి నుంచి మూడో కుర్చీలో ఉన్న సత్యదుర్గారావుగారు లేచి నమస్కారం పెట్టారు.

ఆయన ఎన్విరాన్‌మెంటల్ స్పెషలిస్టు. ఇరవై మూడేళ్లుగా లావోస్‌లో ఆనకట్టలకీ, టాంజానియాలో రోడ్లకీ, బంగ్లాదేశ్‌లో కరకట్టలకీ పర్యావరణ నివేదికలు రాశారు. ఒక్కోటి నాలుగొందల పేజీలు. ఇన్నేళ్లలో ఆయన గ్రహించిందేమంటే, అంత పెద్ద నివేదికలో జనం చూసేవి రెండే: ముందు అట్ట, చివర సంతకం. మొదట్లో బాధపడేవారు. తర్వాత్తర్వాత అదే ఒక మనశ్శాంతి అయింది.

డ్రెయిను నివేదికకి ఆయనకిచ్చిన గడువు పది రోజులు. ఆ పది రోజుల్లో ఎనిమిది ఆయన గట్టు మీదే గడిపారు. నీళ్లు సీసాల్లో పట్టి పరీక్షకి పంపారు. చెట్లు లెక్కపెట్టారు. కొంగల్ని లెక్కపెట్టారు. మిగిలిన రెండు రోజుల్లో నాలుగొందల పేజీలు పూర్తి చెయ్యాలి కనుక, వన్యప్రాణుల అధ్యాయం మాత్రం పాత లావోస్ నివేదికలోంచి తెచ్చి పెట్టుకున్నారు. మెకాంగ్ అన్న చోటల్లా గోదావరి అని మార్చారు. వెదురు అన్న చోట కొబ్బరి పడింది. ఏనుగు దగ్గరికొచ్చేసరికి దానికి సరిపడే జంతువు కోనసీమలో ఏదా అని ఆలోచిస్తుండగా కరెంటు పోయింది. వచ్చాక ఆయన తరవాతి అధ్యాయానికి వెళ్లిపోయారు.

నివేదిక పంపిన మూడో వారం బ్యాంకు నుంచి వీడియో కాల్ వచ్చింది. తెర మీద అక్షయ అనే ఆఫీసరు. ఉద్యోగంలో చేరి నాలుగు నెలలైంది. నివేదికలు చదవక్కర్లేదని ఆమెకింకా ఎవరూ చెప్పలేదు.

“సర్, మీ రిపోర్ట్ మొత్తం చదివాను,” అంది.

సత్యదుర్గారావుగారి గుండె ఒక్కసారి ఝల్లుమంది. మొదట ఆనందంతోనే.

“రెండు వందల పద్నాలుగో పేజీ చాలా కదిలించింది సర్. అడవి ఏనుగులు వేసవిలో దాహానికి గోదావరి దాటి వరిచేలలోకి దిగుతాయన్నారు. వాటి రక్షణకి ప్లాన్ ఏది?”

ఆయన గ్లాసుడు మంచినీళ్లు తాగారు. పొరపాటైందని చెబితే నివేదిక రద్దవుతుంది. మళ్లీ టెండరు, మళ్లీ స్పెషలిస్టు, మళ్లీ రెండేళ్లు. బయట ఏప్రిల్ ఎండ మండుతోంది. జూన్‌లో వానలు.

“ప్లాన్... తయారవుతోందమ్మా,” అన్నారు.

మర్నాడే డ్రైనేజీ డీఈ జగ్గారావుని వెంటబెట్టుకుని మంత్రిగారి దగ్గరికి వెళ్లి కోనసీమలో ఏనుగులు లేవన్న సంగతి చెప్పేశారు. మంత్రిగారు శ్రద్ధగా విన్నారు.

“ఎన్నున్నాయండీ ఏనుగులు?”

“అసలు లేవండి. అదేనండి చెబుతున్నది.”

“రిపోర్టులో ఉన్నాయి కదా?”

“ఉన్నాయండి, కానీ...”

“అంత పెద్ద బ్యాంకు ఉన్నాయంటుంటే, లేవనడానికి మనమెవరమండీ? ఏం జగ్గారావూ?”

“ఆయ్!” అన్నాడు జగ్గారావు. ఇరవై ఏళ్ల సర్వీసులో అతను పై అధికారుల ముందు వాడిన మాటల్లో అదే అతి పొడవైనది.

సాయంత్రానికి టీవీల్లో మంత్రిగారు కనిపించారు. “గత ప్రభుత్వం కోనసీమకి ఒక్క ఏనుగునైనా తెచ్చిందా అని సూటిగా అడుగుతున్నాను. మేం వచ్చిన ఏడాదికే మంద మంద దిగింది!” ప్రతిపక్షం ఊరుకోలేదు. ఆ ఏనుగులన్నీ తమ హయాంలో మంజూరైనవేనని పత్రికా ప్రకటన ఇచ్చింది.

ఇక బ్యాంకు పద్ధతి ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణ జరగాలి. కొత్తమెరక తుపాను షెల్టరులో రెండొందల మందిని కూర్చోబెట్టారు. జగ్గారావు ప్రశ్నాపత్రం పట్టుకున్నాడు. దాన్ని ఇంగ్లీషు నుంచి తెలుగు చేసిన వారెవరో గాని భక్తిపరులు.

“ఏడో ప్రశ్న. మీరు ఏనుగును ఎప్పుడైనా దర్శించేరా?”

ముందు వరసలో వరహాలమ్మ లేచింది. అరవై ఏళ్ల మనిషి. భర్త పోయాక నాలుగెకరాలూ తనే సాగు చేసుకుంటోంది. నీటి సంఘానికి అధ్యక్షురాలు.

“ఏనుగు ముఖం స్వామినాండీ? ఆయ్, నెలనెలా దర్శించుకుంటామండి, ఐనవిల్లెళ్లి.”

“అవునూ కాదూ అని రెండే గళ్లున్నాయండీ.”

“అయితే అవునేనండి.”

ఆమె అవునన్నాక కాదనేవాళ్లు ఎవరున్నారు? షెల్టరంతా అవునంది.

“ఎనిమిది. మీకు పంట నష్టమేమైనా కలిగిందా?”

“అదేం ప్రశ్నండీ బాబూ! మూడేళ్లయి గింజ ఇంటికి రాలేదండి!”

సత్యదుర్గారావుగారు గోడకి ఆనుకుని కళ్లు మూసుకున్నారు. ఏడో ప్రశ్నకీ ఎనిమిదో ప్రశ్నకీ జవాబులు ఒకే పట్టికలో పక్కపక్కన పడతాయని ఆయనకి తెలుసు. ఆ పట్టిక నమూనా తయారు చేసింది ఆయనే, టాంజానియాలో.

పట్టిక చూసి అక్షయ కంటతడి పెట్టుకుంది. నూటికి నూరు మంది ఏనుగుల్ని చూశారు. నూటికి నూరు మంది పంట పోగొట్టుకున్నారు. అయినా ఒక్కరు కూడా ఏనుగుని పల్లెత్తు మాట అనలేదు. ప్రపంచంలో ఇంత సహనం గల రైతుల గురించి తానెక్కడా వినలేదంది. బ్యాంకు నిబంధనల్లో దీనికి మందు ఉంది. ఊరికీ ఏనుగులకీ మధ్య కందకం తవ్వాలి. డ్రెయిను పని ఆ తర్వాత చూద్దాం, ముందు ప్రాణులు ముఖ్యం, అంది.

ఆ కాయితం పట్టుకుని సత్యదుర్గారావుగారు ఒంటరిగా కొత్తమెరక వెళ్లారు. వరహాలమ్మ గట్టు మీద నిలబడి చేలు చూసుకుంటోంది. ఆయన చెప్పులు చేత్తో పట్టుకుని ఆమె పక్కకి వెళ్లి, లావోస్ దగ్గర్నుంచి కరెంటు పోవడం దాకా మొత్తం చెప్పేశారు. ఇరవై మూడేళ్లలో ఆయన ఎవరికీ అంత నిజం ఒక్కసారిగా చెప్పలేదు.

వరహాలమ్మ ముందు నోరు తెరిచి చూసింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టి, ఆపుకోలేక గట్టు మీద చతికిలబడింది.

“కోపం రాలేదాండీ మీకు? మీ డ్రెయిను నా వల్ల ఆగిపోయింది,” అన్నారాయన.

“కోపమెందుకండీ? అది మీరు రాకముందు కూడా ఆగే ఉంది గదండీ.” కొంగుతో కళ్లు తుడుచుకుని ఆయన చేతిలోని కాయితం కేసి చూసింది. “ఆ కందకం ఎంత లోతు తవ్వుతారంటండీ?”

“ఎనిమిదడుగులు.”

“ఎడల్పూ?”

“నలభై.”

“ఎక్కడ తవ్వాలని రాసేరండీ?”

“ఏనుగులు వచ్చే దారిలో. ఆ దారేదో గ్రామస్తులు చూపించాలి.”

వరహాలమ్మ నవ్వు ఆగిపోయింది. ఎదురుగా గుర్రపుడెక్క కింద కనపడని డ్రెయిను ఒంకర్లు తిరుగుతూ సముద్రం వైపు పోతోంది.

“మన ఏనుగులు ఇటే వస్తాయండి,” అంది మెల్లిగా. “లాకుల కాడ మొదలెట్టి, ఇలా డ్రెయినెంటే నడుస్తాయండి. సముద్రం మొగ దాకా. అంగుళం అటూ ఇటూ తొక్కవండి.”

సత్యదుర్గారావుగారు ఆమె ముఖం చూశారు. డ్రెయిను చూశారు. జేబులోంచి పెన్ను తీశారు.

“పద్నాలుగు కిలోమీటర్లు నడుస్తాయాండీ?”

“ఎనకడుగెయ్యకుండా నడుస్తాయండి.”

ఏనుగులకి సంబంధించింది కనుక ఫైలు ఏనుగు బలంతో కదిలింది. మే నెలలో పదహారు పొక్లెయిన్లు దిగాయి. జగ్గారావు గొడుగేసుకుని కందకం తవ్వకాన్ని పర్యవేక్షించాడు. తన డ్రెయిను తన కళ్ల ముందే తవ్వుతున్నారన్న సంగతి అతనికి అర్థమైందో లేదో తెలియదు. ఎవరడిగినా ఆయ్ అన్నాడు.

జులైలో వాయుగుండం పట్టింది. మూడు రోజులు ఎడతెరిపి లేని వాన. నాలుగో రోజు పొద్దున్నే సత్యదుర్గారావుగారు కల్వర్టు మీదికి వచ్చి నిలబడ్డారు. చేలలో నీళ్లు బోదెల్లోకి, బోదెల్లోంచి కందకంలోకి, కందకంలోంచి ఎర్రగా సుళ్లు తిరుగుతూ సముద్రానికి పోతున్నాయి. సాయంత్రానికి నాట్ల కొసలు బయటపడ్డాయి. ఆయన అక్కడే తడుస్తూ ఉండిపోయారు. తను కాయితం మీద గీసిన గీత భూమి మీద నీళ్లతో పారడం ఆయన చూడటం అదే మొదలు. ఆ ఏడు కొత్తమెరకలో సార్వా ఇంటికొచ్చింది. వరహాలమ్మ కొత్త బియ్యంతో పరమాన్నం వండి, ఆయనకి స్టీలు క్యారేజీలో పంపింది.

మంత్రిగారు కూడా విజయోత్సవ సభ పెట్టారు. “కందకం తవ్విన నాటి నుంచి నేటి వరకు ఒక్క ఏనుగు, ఒక్కటంటే ఒక్క ఏనుగు ఊళ్లోకి రాలేదు!” జనం ఈసారి మనస్ఫూర్తిగా చప్పట్లు కొట్టారు.

ఆ ఉపన్యాసమే కొంప ముంచింది. బ్యాంకులో అక్షయ పై అధికారులు దాన్ని అనువాదం చేయించుకుని చదివారు. ఇన్ని నెలలుగా ఒక్క ఏనుగు కనపడలేదంటే, ఆ జాతి ఆ ప్రాంతంలో అంతరించిందన్న మాట. కారణం స్పష్టం: కందకం. తక్షణం పూడ్చి, భూమిని పూర్వస్థితికి తేవాలని ఉత్తర్వు వచ్చింది. పూర్వస్థితి అంటే ఏమిటో అనుబంధంలో వివరంగా ఉంది, చదరపు మీటరుకి ఎన్ని గుర్రపుడెక్క మొక్కలుండాలన్న సంగతితో సహా. ఆ లెక్క సత్యదుర్గారావుగారు గట్టు మీద ఎనిమిది రోజులు కూర్చుని తీసిందే.

ఆయన ఇక తట్టుకోలేకపోయారు. ఉద్యోగం పోతే పోయిందని ఉత్తరం రాశారు: ‘కోనసీమలో అడవి ఏనుగులు లేవు. ఏనాడూ లేవు. తప్పు నాది. కందకాన్ని దయచేసి ముట్టుకోకండి.’

వారంలో జవాబొచ్చింది. ‘మీ అభిప్రాయాన్ని గౌరవిస్తున్నాం. అయితే ఇది ఈ ప్రాంతం గురించి అత్యంత ప్రామాణికమైన నివేదికకు విరుద్ధంగా ఉంది. చూడుడు: డాక్టర్ సత్యదుర్గారావు, పేజీ 214.’

మంత్రిగారు మాత్రం చెక్కుచెదరలేదు. కందకం తవ్వించింది తామే, పూడ్పించేదీ తామేనని, కోనసీమకి ఒకే ఏడాదిలో రెండు అంతర్జాతీయ ప్రాజెక్టులు వచ్చాయని ప్రకటించి, పూడ్చివేత మహా కార్యక్రమానికి ముహూర్తం పెట్టించారు.

ఆ రోజు సత్యదుర్గారావుగారు కాళ్లీడ్చుకుంటూ కొత్తమెరక వచ్చారు. ఊరి మొహం ఎలా చూడాలో ఆయనకి తెలియలేదు. వచ్చి చూస్తే మామిడి తోరణాలు, డప్పులు, టెంటు. ఆడవాళ్లు పట్టుచీరలు కట్టుకున్నారు. మంత్రిగారు కొబ్బరికాయ కొట్టి, తన పేరున్న నల్లరాతి ఫలకం మీద తెర లాగారు. వెండి తాపీతో చారెడు సిమెంటు వేశారు. ఫొటోలు దిగారు. కార్లన్నీ వరసగా వెళ్లిపోయాయి. డప్పులు మాత్రం ఆగలేదు.

సత్యదుర్గారావుగారు కుర్చీలోంచి లేవలేదు. వరహాలమ్మ ఆయన చేతిలో లడ్డూ పెట్టింది.

“మీరింత నిబ్బరంగా ఎలా ఉన్నారండీ వరహాలమ్మగారూ? పూడ్చేస్తారండీ!”

ఆమె ఆయన్ని జాలిగా చూసింది. పదకొండు దేశాలు తిరిగిన మనిషికి సొంత రాష్ట్రం సంగతులు తెలియకపోవడంలో వింతేముందనుకున్నట్టుంది.

“మీరు ఊరికే బెంగెట్టుకోకండి దుర్గారావుగారూ. శంకుస్థాపన అయిపోయింది గదండీ.”

లడ్డూ తినేదాకా ఎదురుగా నిలబడి, చెయ్యి కడుక్కోడానికి నీళ్లిచ్చి, పైటచెంగు నడుముకి దోపుకుని ఆమె ఇంటికి వెళ్లిపోయింది. రెండో పంట దాళ్వాకి విత్తనాలు నానబొయ్యాలి.