మావయ్య కత్తి మొద్దుబారదు

ఏదైనా తప్పు పని చేయబోయే ముందు కళ్లజోడు తుడుచుకోవడం జయపాల్‌కు అలవాటు. ఆ మధ్యాహ్నం మూడుసార్లు తుడుచుకున్నాడు. తర్వాత పెరట్లో గొంతుకూర్చుని, చనిపోయిన మామగారి మడతకత్తిని తెరిచి, దాని అంచును సిమెంటు గట్టుకేసి బరబరా రుద్దాడు.

పదును పెట్టడానికి కాదు, తీయడానికి.

మామ ఆదాం ముప్పై ఏళ్లు మిరపకాయల బస్తాలు మోశాడు. ఆయన జేబులో ఎప్పుడూ ‘జంట ఏనుగులు’ మార్కు కత్తి ఉండేది. ఇత్తడి పిడి, అరచేతి పొడవు. దర్శి హైస్కూల్లో సైన్సు చెప్పే అల్లుడు ఆన్‌లైన్లో ‘బ్లాక్ కమాండో’ తెప్పించిన రోజున ఇంట్లో యుద్ధం మొదలైంది.

“స్టెయిన్‌లెస్ స్టీలు మావయ్యా! తుప్పు పట్టదు. వేళ్ల మీద మడత పడకుండా లాకుంది. బెల్టుకు తగిలించే క్లిప్పుంది. సీసా మూత తీసే కొక్కెం కూడా ఉంది.”

“అన్నీ ఉన్నాయి మాస్టారూ. మరి కోస్తుందా?”

జయపాల్ నోటుబుక్కు తెరిచి గీతలు గీశాడు. పదునుకు పాతిక మార్కులు, పిడికి పాతిక, మడత బిగువుకు పాతిక, మన్నికకు పాతిక. కమాండోకు తొంభై ఒకటి వచ్చాయి. ఏనుగులకు అరవై రెండు.

“పేపరు దిద్దింది కమాండో వాళ్ల నాన్నేగా!” అంది భార్య క్రిస్టీనా.

చివరికి మూడు పందేలు పెట్టుకున్నారు. ఓడిన కత్తి చేపల పొలుసు తీయడానికి క్రిస్టీనాకు ఇచ్చేయాలి. బస్తా కుట్టిన పురికొస కోయడంలో ఏనుగులు గెలిచాయి. ఎండిన పత్తి కట్టె నరకడంలో కమాండో గెలిచింది. మూడోది నైలాను మోకు. ఆ వారమే ఆదాం ఆసుపత్రిలో చేరాడు. “మూడోది మిగిలింది మాస్టారూ. వచ్చాక చూద్దాం,” అన్నాడు. రాలేదు.

సమాధుల దగ్గర జయపాల్ కుర్చీలు వేయించాడు, మంచినీళ్ల ప్యాకెట్లు పంచాడు. మాస్టారు ఎంత నిబ్బరంగా ఉన్నారో అన్నారు అందరూ. ఆ మాట ఆయనకూ నచ్చింది.

వేసవి సెలవులు వచ్చాయి. మూడో పందెం ఆదివారం జరుగుతుందని ప్రకటించాడు.

“పోయిన మనిషితో పందెమేంటండీ?”

“మాటంటే మాటే. గుడిలో ప్రార్థన అయి రాగానే. జడ్జివి నువ్వే.”

“నాన్న తరఫున మోకు కోసేదెవరు?”

“నేనే.”

“కమాండో తరఫున?”

“నేనే.”

“బాగుంది. అయితే ఓడిపోయేదీ మీరే.”

గెలవాలంటే ఏనుగులు మొద్దుబారాలి. అందుకే ఈ గట్టు, ఈ రుద్దుడు. కాగితం మీద లాగితే కాగితం నలిగింది గాని తెగలేదు. తృప్తిగా కత్తి మడిచి, వసారాలో మామగారి మంచం మీద, తలగడ కింద, ఎప్పుడూ ఉండేచోటే పెట్టేశాడు. భోంచేసి పడుకున్నాడు.

నిద్రలో ఎక్కడో సర్... సర్... మని రాయి మీద ఇనుము రాస్తున్న చప్పుడు.

నాలుగింటికి లేచి కత్తి తీశాడు. వేలు ఆనించి చూడబోయి వెనక్కి లాక్కున్నాడు. ముంజేతి మీద పెట్టి కదిపితే వెంట్రుకలు నున్నగా రాలిపోయాయి.

ఎండకు ఇనుము వ్యాకోచించి ఉంటుందిలే అనుకున్నాడు. తన క్లాసులో ఏ పిల్లవాడైనా ఆ జవాబు రాస్తే సున్నా వేసేవాడు.

రెండోరోజు ఇంకా ఎక్కువసేపు రుద్దాడు. సాయంత్రానికి మళ్లీ అదే పదును. ఈసారి పిడి తడిగా ఉంది.

మూడోరోజు రాత్రి కంచంలో గోరుచిక్కుడు కూర చూసి చెయ్యి ఆగిపోయింది. ముక్కలన్నీ గోరంతే, కొలిచి కోసినట్టు. అలా కోసే మనిషి ఆ ఇంట్లో ఒక్కడే ఉండేవాడు. రోజూ మధ్యాహ్నం ఆ మంచం మీద కూర్చుని, కూతురికి కూరగాయలు కోసిపెట్టేవాడు.

“ఇవి... ఎవరు కోశారు?”

క్రిస్టీనా తల ఎత్తకుండా చారు వడ్డించింది.

“ముక్కలు చూస్తే తెలియడం లేదా?”

ఆ పూట జయపాల్ చారన్నంతో లేచిపోయాడు.

మర్నాడు పక్కింటి గురవమ్మ గోడ మీదుగా పిలిచింది. “మాస్టారూ, మధ్యాహ్నం మూడింటికి మీ వసారాలో సాన చప్పుడు వినపడుతోందేంటండీ? అచ్చం ఆదాం పెద్దయ్య ఉన్నప్పటిలాగానే!”

“రేడియో,” అన్నాడు జయపాల్. ఆ ఇంట్లో రేడియో లేదని గురవమ్మకూ తెలుసు.

ఊరంతా తలుపులేసుకుని పడుకునే వేళ. వీధిలో కుక్క కూడా కదలదు. ఎక్కడో కల్లాల మీంచి వచ్చే మిరపఘాటు తప్ప ఇంకేదీ ఇంట్లోకి రాదు. అలాంటి వేళ ఆ మంచం వైపు చూడాలంటే సైన్సు మాస్టారి మెడ తిరగడం లేదు. మోసం చేసింది తాను. పట్టుకున్నది ఎవరు?

శనివారం తెగించాడు. వంటింట్లోంచి చెంచాడు కారం తెచ్చి ఇత్తడి పిడికి దట్టంగా పట్టించాడు. మనిషైతే అరుస్తాడు. అరవకపోతే... అరవకపోతే ఏం చేయాలో పుస్తకంలో లేదు. గదిలోకి వెళ్లి లోపలి నుంచి గడియ పెట్టుకున్నాడు. కళ్లు మూసుకుంటాను గాని నిద్రపోను అనుకున్నాడు.

సర్... సర్... సర్...

ఆ తర్వాత కేక వినిపించింది. దొరికాడు! ఎవరిదా గొంతు అని చెవి రిక్కించాడు. చాలా దగ్గరగా ఉంది. తనదే.

కారపు చెయ్యి కళ్లకు తగిలినట్టుంది, తెరవబోతే మంట. గడియ తీసి ఉంది. తాను మామగారి మంచం మీద కూర్చుని ఉన్నాడు. కుడిచేతిలో జంట ఏనుగులు. కాళ్ల దగ్గర తడిసిన సానరాయి. పక్కన పళ్లెంలో గోరుచిక్కుళ్లు, సగం కోసినవి.

క్రిస్టీనా గిన్నెడు పెరుగుతో నిలబడి ఉంది.

“కారం డబ్బా మూత తీసి ఉన్నప్పుడే అనుకున్నాను,” అంటూ ఆయన అరచేతులకు పెరుగు రాసింది. “అందుకే పెరుగు తీసిపెట్టాను.”

“ఎన్నాళ్ల నుంచి?”

“ఈ వారమంతా. మొదటిరోజు నాకూ గుండె ఆగినంత పనైంది. కళ్లు మూసుకునే వచ్చారు. నాన్నలాగే కాళ్లు చాపుకుని కూర్చున్నారు. సాన పెట్టి, నాన్నలాగే పంచెకు తుడిచి, మడిచి తలగడ కింద పెట్టి వెళ్లిపోయారు. పంచె లేదు, మీ లుంగీకి తుడిచారు.”

“లేపొచ్చు కదే!”

“లేపితే నాన్న వెళ్లిపోతాడేమో అనిపించింది.” గిన్నె కింద పెట్టింది. “మూడోరోజు నుంచి గోరుచిక్కుళ్లు పెట్టాను. పదకొండేళ్లలో ఒక్క ఉల్లిపాయ కోయని మనిషి. దొరికినప్పుడు వదులుకోవడమెందుకని.”

మెలకువలో తాను తీసిన పదును, నిద్రలో తానే పెట్టాడు. జయపాల్ నవ్వబోయాడు. పెరుగు రాసినా కళ్లనీళ్లు ఆగడం లేదు.

“కారం,” అన్నాడు.

“కారమేలెండి,” అంది క్రిస్టీనా. కొంగుతో చాలాసేపు తుడుస్తూనే ఉంది.

ఆదివారం మోకు బయటికి రాలేదు. అడక్కుండానే జయపాల్ కమాండోను వంటింటి గట్టు మీద పెట్టాడు. క్రిస్టీనా దాంతో నాలుగు చేపలకు పొలుసు తీసి చూసింది.

“మంచి కత్తేనండీ. సీసా మూత బాగా తీస్తుంది.”

సోమవారం మధ్యాహ్నం జయపాల్ పడుకున్నాడు. ఎంతకీ నిద్ర పట్టలేదు. మూడవుతుండగా వసారాలో పళ్లెం పెట్టిన చప్పుడు వినిపించింది. కళ్లు గట్టిగా మూసుకుని లేచాడు. గుమ్మానికి భుజం కొట్టుకున్నాడు, సర్దుకున్నాడు. మంచం మీద కూర్చుని తలగడ కింద చెయ్యి పెట్టాడు. ఇత్తడి చల్లగా తగిలింది. కోయడం మొదలుపెట్టాడు.

క్రిస్టీనా వచ్చింది. పళ్లెం లోంచి ఒక ముక్క తీసింది. ఇంకొకటి తీసింది.

“ఇవాళ మెలకువగా ఉన్నారు కదూ?”

“ఎలా తెలిసింది?” అన్నాడు జయపాల్, కళ్లు తెరవకుండానే.

“ముక్కలు చూస్తే తెలియడం లేదా?”