ఆకుల సిద్ధాంతి ఆడిన అబద్ధం

నవ్వబోమని మాటిస్తేనే చెబుతాను. తొకుజో, ముందు నువ్వా గ్లాసు కింద పెట్టు. తాగుతూ నవ్వితే పొలమారుతుంది, ఆ పాపం కూడా నా మీదే పడుతుంది.

మా వీధి చివర గుడి పెరట్లో మొమిజి చెట్టు ఉంది కదా. ఆకురాలే కాలంలో దాని ఆకులు ఎర్రబడితే చూడ్డానికి దేశమంతా క్యోటోకి వచ్చి పడుతుంది. దేశం వస్తే రానీ, హోటళ్లున్నాయి. మా వదినగారు వస్తే మాత్రం మా ఇల్లే ఉంది.

ఎరుపు ఉత్తరాన మొదలై మెల్లగా దక్షిణానికి దిగుతుందని టీవీలో మ్యాపు వేసి మరీ చూపిస్తారు. దాని వెనకాలే మా ఆవిడ అక్కగారు, మా వదిన ఫుకుయేగారు కూడా దిగుతారని మాత్రం ఆ మ్యాపులో వెయ్యరు. సప్పోరోలో తమ ఆకులు రాలిపోగానే ఆవిడ మా ఆకుల మీద పడతారు. వెంట భర్త గోండాగారు. మనిషి మంచివారే, తలే కాస్త పెద్దది. ముందటేడు ఆయన చెట్టు ముందు నిలబడ్డారు, మేం ఆయన వెనక నిలబడ్డాం. ఆ ఏడు మేం చూసింది ఆయన తలకాయ.

"ఏవండీ, ఒక్క ఏడైనా మనిద్దరమే వెళ్లి ఆ చెట్టు ఎర్రగా ఉండగా చూడాలండీ. పెళ్లయిన కొత్తలో చూశాం, మళ్లీ కుదరనే లేదు," అంది మా ఆవిడ చిజురు, ఉతికిన గుడ్డలు మడతపెడుతూ.

మనసు చివుక్కుమంది. ఆ తర్వాత జరిగిన వెధవపనులన్నిటికీ ఆ చివుక్కే కారణం.

మా చుట్టాల్లో నాకు ఆకుల సిద్ధాంతి అని బిరుదు. పొద్దుటి చలి, రాత్రి మంచు, పడిన వాన చూసి ఆకులు ఎప్పటికి పండుతాయో చెబుతాను. ఇంతవరకు ఒక్కసారీ నిజం కాలేదు. ఓ ఏడు వెళితే ఇంకా పచ్చగా ఉన్నాయి, ఇంకో ఏడు వెళితే చీపురుతో ఊడుస్తున్నారు. అయినా వదిన ఏటా నన్నే అడుగుతారు. వచ్చాక దెప్పడానికి ఎవరో ఒకరు ఉండాలి కదా.

పోయినేడు నా లెక్కకి నవంబరు మూడో వారం తేలింది. చిజురు కూరగాయలకి వెళ్లిన సమయం చూసి సప్పోరోకి ఫోన్ చేశాను.

"వదినగారూ, ఈ ఏడు డిసెంబరు మొదటి ఆదివారం. కళ్లు మూసుకుని టికెట్లు కొనెయ్యండి."

"అంత ఆలస్యమా మరిదిగారూ?"

"వేడి తగ్గితేగా! ముందొస్తే పచ్చాకు తప్ప ఏమీ కనబడదు."

ఫోన్ పెట్టేసి నన్ను నేనే మెచ్చుకున్నాను. వాళ్లొచ్చేసరికి కొమ్మలు మిగులుతాయి, ఎరుపంతా మాది.

నవంబరు మూడో వారం రానే వచ్చింది. చిజురుని తీసుకుని పొద్దున్నే గుడికి బయల్దేరాను.

"చూశావా, ఒక్క మనిషి లేడు!" అన్నాను గర్వంగా.

ఎందుకు లేడో లోపలికి వెళ్లాక తెలిసింది. చెట్టు బచ్చలిమడిలా పచ్చగా ఉంది. ఎర్రబడింది నా మొహం ఒక్కటే. టికెట్లిచ్చే ముసలావిడ "మళ్లీ మీరేనా!" అని నడుం వంచి నమస్కారం పెట్టింది.

"బావుందండీ, కళ్లకి చలవ," అంది చిజురు వరండాలో టీ తాగుతూ.

"దెప్పకే."

"నేనెందుకు దెప్పుతాను? దానికి అక్కయ్య వస్తోందిగా."

డిసెంబరు మొదటి శనివారానికి ఆ చెట్టు గోరింటాకు పెట్టుకున్న చెయ్యిలా పండి కూర్చుంది. ఆ సాయంత్రమే వదిన దిగారు. వదిన వెనక గోండాగారు, ఆయన తల వెనక గుమ్మం దాటి వీధిలోకి బారుగా ఆడవాళ్లు.

"మరిదిగారూ, మీరు మామూలు మనిషి కాదు! ఇంత కచ్చితంగా ఎవరు చెబుతారు? అందుకే మా కవితల సంఘాన్ని కూడా తెచ్చేశాను. హోటళ్లలో గదుల్లేవు, అయితేనేం, మీరున్నారుగా!"

నేనున్నాను గాని నాకే చోటు లేదు. పరుపులన్నీ పరిచాక ఇంట్లో నేల కనబడలేదు. స్నానాల గది ముందు వరస వంటింటి దాకా వచ్చింది. ఒకావిడ నా బట్టతల చూసి, ఆకురాలే కాలం అంటూ అక్కడికక్కడే కవిత అల్లేసింది. చివరికి పరుపులు పెట్టుకునే అలమర ఖాళీ అయింది కాబట్టి నన్ను అందులో పెట్టారు. గోండాగారి గురకకి దాని తలుపు గడగడలాడింది.

పొద్దున్నే ఆ తలుపు పక్కకి జరిగింది. ఎదురుగా చిజురు, కోటు వేసుకుని.

"లేవండి, చప్పుడు చెయ్యకండి. గుడి తలుపులు తీసే వేళయింది."

"మరి వాళ్లు?"

"పదింటికి గాని తియ్యరని చెప్పాను. అక్కయ్య తొమ్మిదింటికి గాని అద్దం వదలదు."

గుడి వరండాలో మేమిద్దరమే. చెట్టంతా ఎరుపు, కింద నాచు మీద కూడా ఎరుపే. చిజురు నా చొక్కా చెయ్యి పట్టుకుని చెట్టు వైపే చూస్తోంది.

"ఈవేళకి పండుతుందని నీకెలా తెలుసే?"

"మీరు ఫోన్ చేసిన రోజే అక్కయ్య నాకు చెప్పేసింది. ఏటా ఆకుకి అందకుండా పోకకి పొందకుండా నసిగే మనిషి, ఈసారి ఠక్కున ఫలానా ఆదివారం అన్నారంటే అది అబద్ధమే. మీ నిజాలెలాగూ నిజం కావు. అబద్ధమైనా అవుతుందేమోనని, తప్పకుండా రమ్మన్నాను."

"ఆ సంఘాన్ని కూడానా?"

"అబద్ధమాడినందుకు ఆ మాత్రం అలమర ఉండొద్దూ?"

"మరి నవంబర్లో నాతో ఎందుకొచ్చావు?"

"ఎవరూ ఉండరని తెలుసు కదండీ," అంది చిజురు.

ఇంటికొచ్చేసరికి వదిన అద్దం ముందే ఉన్నారు. నేను ఏమీ ఎరగనట్టు వెళ్లి అలమరలో కూర్చున్నాను.

ఇప్పుడు మళ్లీ అక్టోబరు వచ్చింది. నిన్న వదిన ఫోన్ చేశారు, బాగున్నారా అని కూడా అడగలేదు.

"మరిదిగారూ, ఈ ఏటి అబద్ధం ఎప్పటికి?" అన్నారు.